సంగటి అడుగంటిన వాసన

నిన్న పొద్దున కోడలు సంగటి చేస్తుంటే మధ్యలో ఫోన్ వచ్చింది, మాట్లాడుతూ పక్కకు వెళ్ళింది, అంతలో గిన్నె అడుగంటింది. రాగిపిండి మాడిన వాసన ఇల్లంతా నిండిపోయింది. అనంతపురం జిల్లాలో పుట్టినదానికి ఆ వాసనకి అమ్మ గుర్తుకు రావాలి, కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్ళో మట్టిపొయ్యి గుర్తుకు రావాలి. నాకేమో జాంబియాలో కసామా గుర్తొచ్చింది. మా పక్కింటి వంటపాక, దాని గడ్డికప్పు సందుల్లోంచి బయటికి వచ్చే పొగ, అందులో కూర్చుని కట్టెతో పిండి కెలుకుతూ నన్ను లోపలికి పిలిచిన ఆవిడ, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకు వచ్చాయి. గిన్నె తోముకోవడం కష్టమవుతుందని కోడలు బాధపడుతోంది గానీ నేను మాత్రం ఆ పొయ్యి దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

మేమిద్దరం టీచర్లం. మా ఆయన ఫిజిక్స్, నేను లెక్కలు. 1964 అక్టోబరు 24న జాంబియాకి స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ దేశం మొత్తం మీద డిగ్రీ చదివినవాళ్ళు వంద మంది చుట్టుపక్కలే ఉండేవాళ్ళట. బళ్ళు కట్టారు, పాఠం చెప్పేవాళ్ళు లేరు. అందుకని బయటి దేశాల నుంచి పిలిపించుకున్నారు, మన దేశం నుంచీ చాలామంది వెళ్ళారు. మేం వెళ్ళింది ఆ తర్వాత చాలా ఏళ్ళకి, అధ్యక్షుడు కౌండా ప్రభుత్వం చివరి రోజుల్లో. రాజధాని లుసాకాలో దిగి, అక్కడి నుంచి 850 కిలోమీటర్లు బస్సులో. ఒళ్ళో మా అబ్బాయి చిన్నా, కాళ్ళ దగ్గర రెండు పెట్టెలు, ఒక పచ్చడి జాడీ. రాత్రంతా కిటికీలోంచి అడవి తప్ప ఏమీ కనపడలేదు. ఆఫ్రికా అంటే మాకు తెలిసింది ఏనుగులు, సింహాలు, ఎండ. తెల్లారి కసామాలో దిగితే జూన్ నెల చలికి పళ్ళు కొట్టుకున్నాయి. ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 1,400 మీటర్ల ఎత్తున ఉందని మాకు అంతవరకూ తెలియదు.

మొదటి ఉదయం నన్ను నిద్ర లేపింది రోకటిపోటు. కళ్ళు తెరవకుండానే మా ఊళ్ళో ఉన్నాననుకున్నాను. అదే లయ, రెండు రోకళ్ళు ఒకటి తర్వాత ఒకటి పడే చప్పుడు, మధ్యలో ఆడవాళ్ళ నవ్వులు. లేచి కిటికీ తీస్తే ఎర్రమట్టి వాకిలి, చీపురుతో ఊడ్చిన గీతలు, పక్కింటావిడా ఆవిడ కూతురూ ఎదురెదురుగా నిలబడి దంచుతున్నారు.

ఆ రోజు మధ్యాహ్నం ఆవిడే ఒక పళ్ళెం తెచ్చింది, పైన ఇంకో పళ్ళెం బోర్లించి. గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు మెల్లగా తట్టి, నా చేతికి ఇచ్చింది. నేను కంగారుపడి లేవమని చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నవ్వింది. అక్కడ మర్యాద అంటే అదేనని తర్వాత తెలిసింది. మూత తీస్తే నల్లగా, మెరుస్తూ, ఆవిరి కక్కుతూ రాగిముద్ద. పక్కన ఏదో ఆకుకూర. వాళ్ళ బెంబా భాషలో రాగులు ‘అమాలే’, ముద్ద ‘ఉబ్వాలి’. ఆ కూర గుమ్మడాకులది, అందులో పచ్చి శెనక్కాయలు దంచిన పొడి వేసి ఉడికిస్తారు, ‘ఇఫిసాషి’ అంటారు. శెనక్కాయల జిల్లా నుంచి వచ్చినదాన్ని, ఊరిబిండీ సంగటీ తిని పెరిగినదాన్ని. ఆ ముద్ద తుంచి కూరలో అద్ది నోట్లో పెట్టుకోగానే ఏడుపొచ్చింది. ఆవిడకి కారణం తెలియలేదు, ఉప్పు ఎక్కువైందేమోనని అడిగింది. మన సంగటిలో నూకలు వేస్తాం, వాళ్ళది ఉత్త పిండి. అంతే తేడా. అసలు రాగి పుట్టింది తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలల్లోనేనట, వేల ఏళ్ళ కిందట అక్కడి నుంచి మనదాకా వచ్చిందట. ఆ సంగతి తర్వాతెప్పుడో చదివాను. అప్పటికి ఆ ముద్ద మాదే అనుకున్నాను, నిజానికి వాళ్ళదే.

పేరు పెట్టి పిలవడం అక్కడ లేదు. పెద్దబిడ్డ పేరుకి ముందు ‘బనా’ చేర్చి పిలుస్తారు. నేను బళ్ళో మేడమ్‌ని, వాకిట్లోకి వస్తే ‘బనా చిన్నా’ని. మన పల్లెల్లో ‘చిన్నా వాళ్ళమ్మా’ అని పిలవరూ, అచ్చం అదే. ఆవిడని నేను ‘బామాయో’ అనేదాన్ని, అమ్మగారూ అన్నట్టు. ఆ ‘బ’ మన ‘గారు’ లాంటిదని ఒకరోజు నాకు అర్థమయ్యాక ఆ భాష సగం దగ్గరైపోయింది.

* * *

అక్కడి అడవి గురించి చెప్పాలి. మియోంబో అడవి అంటారు. మన దగ్గర చెట్టు చిగురించాలంటే వానో, కనీసం ఉగాది గాలో రావాలి. అక్కడ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నేల పగిలిపోయి, గాలంతా పొగ వాసనతో ఉన్నప్పుడు, ఒక్క చుక్క కూడా పడకముందే చెట్లు చిగురిస్తాయి. ఆ చిగురు ఆకుపచ్చగా ఉండదు. ఎరుపు, రాగి రంగు, ముదురు గులాబీ. బడి వెనక గుట్ట మీద నిలబడి చూస్తే కనుచూపు మేర మామిడి లేతాకుల రంగు దుప్పటి పరిచినట్టు ఉండేది. ఎక్కడో లోతున వేళ్ళు దాచుకున్న నీళ్ళతో చిగురిస్తాయని మా బయాలజీ టీచర్ చెప్పింది.

ఆ రోజుల్లోనే పల్లెల్లో మగవాళ్ళు గొడ్డళ్ళు పట్టుకుని చెట్లెక్కేవాళ్ళు. చెట్టుని మొదలంటా నరకరు, కొమ్మలు మాత్రమే కొడతారు. ఆడవాళ్ళు ఆ కొమ్మలు ఎండాక నెత్తిన మోసుకొచ్చి మధ్యలో గుండ్రంగా పేరుస్తారు. తొలివానకి ముందు నిప్పు పెడతారు. ఆ బూడిదలో రాగులు చల్లుతారు. దీన్ని చితెమెనె అంటారు. నేను రైతుబిడ్డని, మా నాయన పొలం గట్టున ఒక వేపమొక్క బతకడానికి రెండేళ్ళు కడవలతో నీళ్ళు పోశాడు. అలాంటిది అంత అడవి కాల్చడం చూసి నాకు కడుపు రగిలిపోయింది. ఇదేం పాడుబుద్ధి అని బామాయోతో అనేశాను కూడా. ఆవిడ కోప్పడలేదు, ఒక ఆదివారం వాళ్ళ పల్లెకి తీసుకెళ్ళింది. కాల్చని చోట రాగులు చల్లితే ఎలా ఉంటాయో చూపించింది. జానెడు కూడా ఎదగలేదు, పసుపు రంగుకి తిరిగి నిలబడి ఉన్నాయి. బూడిద వలయంలో మాత్రం మోకాలి దాకా, నల్లపచ్చగా, బలంగా. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మాకు అదే మంచి ఏడు, కసామాలో దానికి రెట్టింపు పైన పడుతుంది. ఆ వానకి నేలలో సారమంతా కొట్టుకుపోయి మట్టి పుల్లబడిపోతుంది. ఆ పులుపుని బూడిద విరుస్తుంది. మొదటి ఏడు రాగి, తర్వాత శెనక్కాయలు, కర్రపెండలం, ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి పైనే ఆ నేలని వదిలేస్తారు, కొట్టిన కొమ్మలు మళ్ళీ పెరుగుతాయి. తెల్లదొరల కాలం నుంచీ దీన్ని మానిపించాలని చూస్తూనే ఉన్నారు. జనం పెరిగి, ఇరవై ఏళ్ళు వదలాల్సిన నేలకి పదేళ్ళకే మళ్ళీ వస్తే ఆ పద్ధతి నిలవదు, అది నిజం. కానీ అది బుద్ధి లేని పని కాదు. ఒక్క చూపుకే పాడుబుద్ధి అన్నానే అని నాకిప్పటికీ నొప్పిగా ఉంటుంది.

వానలు మొదలయ్యాక రోడ్డు పక్కన పిల్లలు పుట్టగొడుగులు అమ్మేవాళ్ళు. మనకి పుట్టగొడుగు అనే మాట ఉంది గానీ, అందులో పుట్టా, గొడుగూ రెండూ ఉన్నాయని నాకు అక్కడే తట్టింది. చెదపుట్టల మీద మొలిచే ఒక రకం మీటరు వెడల్పు దాకా పెరుగుతుంది, తినే పుట్టగొడుగుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అదేనంటారు. ఒక పిల్లవాడు వానలో దాన్ని నెత్తిన గొడుగులాగే పట్టుకుని నిలబడ్డాడు. కొంటే వాడు తడుస్తాడని మా ఆయన కొనలేదు, వాడేమో కొనమని బస్సు వెంట పరిగెత్తాడు. దిగి కొన్నాం. ఆ ఒక్కటి మూడిళ్ళకి కూరైంది.

బడి రోజుల గురించి ఎంతని చెప్పను. కరెంటు పోతే కిరసనాయిలు దీపాల కింద హాస్టల్ పిల్లలు రాత్రి చదువులు, వారం మొత్తం చిక్కుళ్ళూ మొక్కజొన్న ముద్దా, గడ్డి కోసే పొడవాటి కత్తులతో శనివారం మైదానం శుభ్రం చేయడం. ధరలు మండిపోయిన ఏళ్ళవి. 1990లో మొక్కజొన్న పిండి ధర రెట్టింపు చేస్తే లుసాకాలో అల్లర్లు జరిగాయి. మరుసటి ఏడు ఎన్నికల్లో కౌండా ఓడిపోయి, మారు మాట్లాడకుండా దిగిపోయారు. 1992లో కరువొచ్చి దక్షిణాది ఎండిపోయింది. నేనెరిగిన కరువు అక్కడికీ వచ్చిందని ఉత్తరాలు రాశాను నాయనకి.

* * *

ఆ నాయనే పోయాడు. టెలిగ్రాం మాకు చేరేసరికి తొమ్మిది రోజులైంది. అంటే అప్పటికి దహనమూ అయిపోయింది, చిన్నదినమూ అయిపోయింది. వెళ్ళినా పెద్దదినానికి కూడా అందుకోలేను. టికెట్ డబ్బులకీ దిక్కులేదు. నేను కాగితం చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చున్నాను, మా ఆయన ఏం చెప్పాలో తెలియక చిన్నాని ఎత్తుకుని వాకిట్లో తిరుగుతున్నాడు.

అరగంట కాలేదు. బామాయో వచ్చింది. ఏమీ అడగలేదు. ముందుగదిలో కుర్చీలు, బల్ల తీసి బయట పెట్టించింది. నేల మీద చాపలు పరిచింది. నన్ను మంచం మీద నుంచి దించి చాప మీద కూర్చోబెట్టి పక్కన కూర్చుంది. తర్వాత ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. నడుముకి చితెంగె గుడ్డ చుట్టుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి, వంగి లోపలికి వచ్చి, ఏడుస్తూ నేల మీద కూర్చునేవాళ్ళు. నేనెప్పుడూ పలకరించని ఆడవాళ్ళు కూడా వచ్చారు. ఒకావిడ పిండి తెచ్చింది, ఒకావిడ నెత్తిన కట్టెలమోపు, హాస్టల్ వంటామె ఉప్పు పొట్లం. మగవాళ్ళు బయట నెగడు వేసుకుని మా ఆయన చుట్టూ కూర్చున్నారు. ఎవరో పాట ఎత్తుకున్నారు, మిగిలినవాళ్ళు అందుకున్నారు. ఆ పాటలో నాకు అర్థమైంది ‘బాతాతా’ అన్న ఒక్క మాట, నాన్నగారూ అని.

మూడు రాత్రులు వాళ్ళు మా ఇంట్లోనే పడుకున్నారు. ఎనిమిది మైళ్ళలోపు ఒక్క తెలుగు మనిషి లేని చోట, మా నాయన మొహం ఎరగని పాతికమంది ఆడవాళ్ళు ఆయన కోసం నేల మీద పడుకున్నారు. చావింట్లో ఇలా తోడుండడాన్ని ‘చిలిలో’ అంటారు. కెమిస్ట్రీ చెప్పే అమ్మాయి నా పక్కన పడుకుంది, ఎడమచేత్తో రాసే అమ్మాయి. ఇరవై ఆరో, ఇరవై ఏడో ఉంటాయి. రాత్రి నేను ఉలిక్కిపడి లేచినప్పుడల్లా తన చితెంగె నా మీద కప్పేది.

* * *

ఇప్పుడు చెప్పబోయేది ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ళ తర్వాత ఆ అమ్మాయి చిక్కిపోవడం మొదలైంది. ముందు మలేరియా అన్నారు, తర్వాత టీబీ అన్నారు. అప్పటికే స్టాఫ్‌రూంలో రెండు కుర్చీలు ఖాళీ అయ్యాయి. రేడియోలో రోజూ చావు కబుర్లు చదివేవాళ్ళు, మేం అన్నం తింటూ వినేవాళ్ళం. జబ్బు పేరు ఎవరూ పలికేవాళ్ళు కాదు, ‘కల్యోండెయోండె’ అనేవాళ్ళు, మనిషిని చిక్కించి చిక్కించి తీసుకుపోయేది అని. కౌండా అంతటాయన 1987లోనే, తన కొడుకు ఎయిడ్స్‌తో పోయాడని లోకానికి చెప్పారు. అయినా ఊళ్ళో నోళ్ళు పెగల్లేదు. ఆ తర్వాత, 1998లో మొదటి పది నెలల్లోనే ఆ దేశంలో 1,300 మందికి పైగా టీచర్లు పోయారని చదివినప్పుడు నాకు అంకె కనపడలేదు, మా స్టాఫ్‌రూం కనపడింది.

పదింటి టీకి అందరికీ కలిపి సత్తు మగ్గులు ఉండేవి. నేను సైన్సు చదివినదాన్ని. కప్పు వల్ల ఆ జబ్బు రాదని తెలుసు, పిల్లలకి బోర్డు మీద రాసి చెప్పినదాన్ని. అయినా ఇంట్లో చిన్నా ఉన్నాడన్న భయం. ఒకరోజు బజారుకి వెళ్ళి నీలిపువ్వు ఉన్న పింగాణీ కప్పు కొన్నాను. స్టాఫ్‌రూంలో ఆ అమ్మాయి ముందు పెట్టి, నీ కోసమే తెచ్చాను, బావుందని, అన్నాను. తను కప్పు వంక చూసింది, నా వంక చూసింది. రెండు చేతులూ చాచి, మోకాళ్ళు కొంచెం వంచి, ‘నతోతేలా’ అని తీసుకుంది. థాంక్యూ అని. ఆ రోజు అందులో టీ తాగింది. మరుసటి రోజు నుంచి సంచిలో ఇంటి నుంచి తన మగ్గు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. నీలిపువ్వు కప్పు కడిగి బీరువా పైన బోర్లించింది. అది అక్కడే ఉండిపోయింది.

వానల్లో పోయింది. చిలిలోకి వెళ్ళాను. మూడు రాత్రులూ అక్కడే పడుకున్నాను. ఎవరికీ కప్పు సంగతి తెలియదు, తెలిసిన మనిషి గదిలో పెట్టెలో ఉంది. ఆ అమ్మాయికి రెండేళ్ళ కూతురు, నా ఒళ్ళో నిద్రపోయింది. ఆ పాపని అమ్మమ్మ తీసుకెళ్ళింది. ఆ ముసలామె దగ్గర అప్పటికే అలాంటి పిల్లలు నలుగురు, ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తినేవాళ్ళు. బామాయో ఇంట్లోనూ అంతే, నలుగురు పిల్లలు ఉండే ఇల్లు మేం వచ్చేసేనాటికి ఏడుగురైంది. అనాథ అన్న మాట నేను అక్కడ వినలేదు, అందరూ ఎవరో ఒకరి పిల్లలే.

మందులు లేవా అంటే, 1996 నాటికే మంచి మందులు వచ్చాయి. ఏడాదికి పదివేల డాలర్లకి పైన. అక్కడి టీచరు జీతం ఎన్నేళ్ళు కూడబెడితే అంత! 2001లో మన దేశపు కంపెనీ ఒకటి ఏడాదికి 350 డాలర్లకి ఇస్తానన్నాకే దారి తెరుచుకుంది. తర్వాత మన హైదరాబాదు కంపెనీలు హెటిరో, అరబిందో కూడా ఆ మాత్రలు పెద్ద ఎత్తున చేసి ఆఫ్రికా దేశాలకి పంపాయి. 2005 నాటికి జాంబియా సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చారు. ఆ మందుల ఫ్యాక్టరీల ముందు నుంచి బస్సులో వెళ్ళినప్పుడల్లా ఆ అమ్మాయి ఎడమచేత్తో బోర్డు మీద సమీకరణాలు రాయడం గుర్తొచ్చి కిటికీ వైపు తిరుగుతాను. కొన్నేళ్ళు ముందు వచ్చి ఉంటే!

* * *

తిరిగి వచ్చేటప్పుడు దారెస్సలాం దాకా రైల్లో వెళ్ళాం. చైనావాళ్ళు కట్టిన తజారా రైలు, మొత్తం 1,860 కిలోమీటర్ల దారి, కసామా మీదుగానే పోతుంది. బామాయో స్టేషన్‌కి వచ్చింది. చితెంగె ముడిలో రాగిపిండి, తను కెలికే కట్టె ఇచ్చింది. రైలు కూత వేశాక కిటికీ పట్టుకుని అడిగింది, మీ ఊళ్ళో చావింటికి జనం వస్తారా అని. నేనెలా ఉంటానోనని ఆవిడకి దిగులు. అందరూ వస్తారు బామాయో, ఊరంతా కదిలొస్తుంది అన్నాను. అది అబద్ధం కాదు, మా నాయన ఎత్తుబడికి ఊరంతా కదిలిందని అన్న ఉత్తరంలో రాశాడు.

వచ్చిన కొన్నేళ్ళకి ఆ జబ్బు మా జిల్లాలోనూ ఉందని తెలిసింది. బెంగళూరు, హైదరాబాదు హైవే మా జిల్లా గుండానే పోతుంది, లారీల మీద వెళ్ళిన మొగుళ్ళు ఇంటికి తెచ్చారు, పెళ్ళాలకి ఇచ్చారు. మాకు పాలు పోసే ఆమె చెప్పింది, వాళ్ళ ఊళ్ళో ఒకమ్మాయి పోయిందని, ఎవరూ గడప తొక్కడం లేదని. మొగుడు ముందు ఏడాదే పోయాడట, అత్తవారు గిన్నెలతో సహా బయటికి పంపేశారట. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా ఆయన వద్దనలేదు, ఆటో పిలిచాడు.

ఊరి చివర రేకుల ఇల్లు. వాకిట్లో ముగ్గురు మగవాళ్ళు, దూరంగా, తువ్వాళ్ళు మూతికి అడ్డం పెట్టుకుని. లోపల ఆ పిల్ల, పక్కన తల్లి ఒక్కతే, ఏడ్చే ఓపిక కూడా లేకుండా గోడకి ఆనుకుని. ఎదురుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది. చెప్పులు బయట విడిచి, వంగి లోపలికి వెళ్ళి నేల మీద కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియదు. చాలాసేపటికి ఆమె తల తిప్పి, ఎవరమ్మా నువ్వు అని అడిగింది.

చిన్నా వాళ్ళమ్మను అన్నాను.

ఆమె ఇంకేమీ అడగలేదు. కొంచెం పక్కకి జరిగి చాప మీద చోటిచ్చింది.